పాలీహౌస్‌లో, పండ్ల తోటలో మిత్ర పురుగులు ఒక్కటే చాలా? మందు పూర్తిగా మానేయొచ్చా?

కొత్త పాలీహౌస్:
అందరికీ నమస్కారం. పాలీహౌస్‌లో క్యాప్సికం రెండో పంట నడుస్తోంది. ఎర్రనల్లి తగిలింది. ఈసారి మందు జోలికి పోకూడదనుకుని, దాన్ని తినే నల్లిని, ఫైటోసీలస్‌ని, తెప్పించి వదిలాను. పది రోజుల తర్వాత వెతికితే ఒక్కటీ కనపడలేదు. ఎర్రనల్లి మాత్రం చిగుళ్ల దాకా గూళ్లు అల్లేసింది. చివరికి మందు కొట్టక తప్పలేదు. అమ్మినవాళ్లు తప్పు నాదే అన్నారు కానీ ఏం తప్పు చేశానో చెప్పలేదు. మిత్ర పురుగులనే నమ్ముకుని పంట తీయడం నిజంగా కుదిరే పనేనా, లేక అవి మందుకి తోడు మాత్రమేనా? పండ్ల తోటలున్నవాళ్లు కూడా చెప్పండి. త్వరలో మళ్లీ నారు నాటాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

లెక్కల రైతు:
నా మాట కుదరదనే. మిత్ర పురుగు శత్రువును తగ్గిస్తుంది, తుడిచిపెట్టదు. తినడానికి కాస్త మిగలకపోతే అది కూడా బతకదు. పేనుబంక కొద్దిగా మిగిలితే పంటకు వచ్చే నష్టం పెద్దగా ఉండదు. కానీ టమాటాలో తెల్లదోమ ఆకుముడత వైరస్‌ను మోసుకొస్తుంది, కొన్ని దోమలు చాలు తోటంతా అంటించడానికి. క్యాప్సికంలో తామర పురుగు సంగతీ అంతే, అదీ వైరస్ మోస్తుంది. బదనిక, అంటే వేరే పురుగు ఒంట్లో గుడ్డు పెట్టే చిన్న కందిరీగ లాంటి మిత్ర పురుగు, తెల్లదోమ పిల్లలో గుడ్డు పెట్టి, ఆ గుడ్డు పెరిగి కొత్త బదనిక బయటికి రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. వైరస్ అన్నాళ్లు ఆగుతుందా?

పైగా మిత్రుడని తెచ్చినవన్నీ మిత్రులుగా ఉండవు. చెరకు పెంకు పురుగులను తింటాయని 1935లో ఆస్ట్రేలియాలో కేన్ టోడ్ కప్పలను వదిలారు. పురుగులు తగ్గలేదు. విషం ఉన్న ఆ కప్పలను తిని అక్కడి జంతువులు ఇప్పటికీ చచ్చిపోతున్నాయి. పేనుబంక కోసం అమెరికాలోనూ యూరప్‌లోనూ వదిలిన ఆసియా అక్షింతల పురుగు, హార్మోనియా, అక్కడి సొంత అక్షింతల పురుగులను వెనక్కి నెట్టేసింది.

ఆకు అడుగున:
కొత్త పాలీహౌస్ గారూ, రెండు విషయాలు చెప్పండి. ఆ నల్లిని వదలకముందు నెల రెండు నెలల్లో ఏ మందు కొట్టారు? మధ్యాహ్నం లోపల వేడి ఎంత ఉంటోంది?

లెక్కల రైతు గారి కప్పల ఉదాహరణ నిజమే, కానీ అది ఈ ప్రశ్నకు అతకదు. కనిపించిందల్లా తినే జంతువు అది. మనం మాట్లాడుతున్నవి ఎక్కువగా కొద్ది రకాల చిన్న పురుగుల మీదే బతికేవి. 1926లో ఇంగ్లండ్‌లో ఒక టమాటా సాగుదారు ఆకుల అడుగున నల్లబడిన తెల్లదోమ పిల్లలను గమనించాడు. వాటిలోంచి వచ్చిందే ఎన్కార్సియా ఫార్మోసా, మిల్లీమీటరు కూడా లేని బదనిక. 1930ల్లో దాన్ని పెంచి ఎందరో రైతులకు పంపారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డీడీటీ అనే పురుగుమందు వచ్చేసరికి అందరూ దాన్ని మరిచిపోయారు. కొన్నేళ్లకు మందులకు పురుగులు లొంగడం మానేశాయి, మళ్లీ ఈ బదనికనే వెతుక్కున్నారు. అది పనిచేయక పక్కన పెట్టలేదు, మందు తేలిక అనిపించి పెట్టారు. నాకు దీని మీద పట్టుదల ఎక్కువ, ఒప్పుకుంటాను. ఇరవై ఏళ్లుగా ఆకులు తిప్పి చూస్తున్నాను.

కొత్త పాలీహౌస్:
తామర పురుగుకి సింథటిక్ పైరెత్రాయిడ్ రకం పురుగుమందు కొట్టాను, నల్లిని వదలడానికి మూడు వారాల ముందు. వేడి మధ్యాహ్నం 36 డిగ్రీల దాకా పోతోంది, గాలి బాగా పొడి.

ఆకు అడుగున:
అయితే మీ తప్పేమిటో మీకు చెప్పాల్సినవాళ్లు చెప్పలేదన్నమాట. ఆ రకం మందుల అవశేషం ఆకు మీద వారాల తరబడి ఉండి మిత్ర నల్లిని చంపుతుంది. కొన్నిటి ప్రభావం రెండు నెలలు దాటుతుంది. మందుకి అలవాటుపడ్డ ఎర్రనల్లికి మాత్రం ఏమీ కాదు. అంటే విందు పెట్టి, ఆ విస్తట్లో విషం కలిపినట్టయింది. రెండోది వేడి. ఫైటోసీలస్ 20 నుంచి 27 డిగ్రీల మధ్య అద్భుతంగా పనిచేస్తుంది. 30 దాటి, గాలిలో తేమ 60 శాతం కంటే తగ్గితే దాని గుడ్లు ఎండిపోతాయి. ఎర్రనల్లికి సరిగ్గా ఆ పొడి వేడే ఇష్టం. మీలాంటి చోట కాలిఫోర్నికస్ అనే నల్లి నయం, వేడినీ ఆకలినీ ఎక్కువ ఓర్చుకుంటుంది. అదైనా గూళ్లు అల్లాక వదిలితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

మామిడి నీడ:
పాలీహౌస్ సంగతి నాకు తెలియదు, పండ్ల తోట సంగతి చెబుతాను. కాలిఫోర్నియా నిమ్మజాతి తోటలను తెల్ల పొలుసు పురుగు నాశనం చేస్తుంటే, 1888లో ఆల్బర్ట్ కోబెలె అనే కీటక శాస్త్రవేత్తను ఆస్ట్రేలియా పంపారు. ఆయన పంపిన వెడాలియా అక్షింతల పురుగుల్లో మొదట ప్రాణాలతో చేరినవి 129. వాటి సంతతితోనే ఏడాది తిరిగేలోపు తోటలు తేరుకున్నాయి. కానీ నేను ఎక్కువగా తలుచుకునేది ఆ తర్వాత జరిగింది. 1940ల్లో అవే తోటల్లో డీడీటీ కొట్టారు, వెడాలియా చచ్చింది, దాదాపు అరవై ఏళ్లుగా అణిగి ఉన్న పొలుసు పురుగు మళ్లీ లేచింది. మళ్లీ 1990ల చివర్లో, మిత్ర పురుగులకు హాని తక్కువ అనుకున్న పైరిప్రాక్సిఫెన్ లాంటి మందులు వాడితే వెడాలియా సంతతి ఆగిపోయి అదే కథ జరిగింది. సురక్షితం అని డబ్బా మీద రాసి ఉంటే, ఎవరికి సురక్షితమో అడగాలి.

పండ్ల చెట్టు ఏళ్ల తరబడి నిలబడి ఉంటుంది. అందుకే తోటలో కొని వదిలిన వాటి కంటే అక్కడే ఉన్నవాటిని చంపకుండా ఉండటం ఎక్కువ ఫలితమిస్తుంది. నేను పదిహేనేళ్లు ఈ విషయం తెలియకుండానే సాగు చేశాను. పిండినల్లి మధ్యలో పిండినల్లిలాగే తెల్లటి మైనపు పోగులతో పెద్ద పురుగులు తిరుగుతుంటే చేత్తో ఏరి నలిపేశాను. అవి పిండినల్లిని తినే క్రిప్టోలీమస్ అక్షింతల పురుగు పిల్లలు! ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఇంకోటి, చీమలు. పిండినల్లి కార్చే తీపి కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, బదనికలను దగ్గరికి రానివ్వవు. మొదలు చుట్టూ జిగురు పట్టీ కట్టి, నేలను తాకే కొమ్మలు కత్తిరించాక, ఏ పురుగూ కొనకుండానే పిండినల్లి సగానికి పైగా తగ్గింది.

బొప్పాయి పిండినల్లి గుర్తుందా? 2008లో మన దేశంలో కనపడింది. ఒంటి మీద మైనం వల్ల మందు దిగేది కాదు. 2010లో ఎసిరోఫేగస్ పపాయే అనే బదనికను తెప్పించి వదిలాక అణిగిపోయింది.

లెక్కల రైతు:
బొప్పాయి విషయం ఒప్పుకుంటాను, కళ్లారా చూశాను. అవశేషం గురించి ఆకు అడుగున గారు చెప్పిందీ ఒప్పుకుంటాను. కానీ జీవ నియంత్రణకి పురుగు అలవాటుపడదు అనే మాట ఎవరూ అనకండి. ఆపిల్ కాయతొలుచు పురుగుకి జబ్బు చేసి చంపడానికి వాడే గ్రాన్యులో వైరస్‌కి లొంగని పురుగులు 2005 నాటికే జర్మనీ తోటల్లో బయటపడ్డాయి. టమాటాలో తెల్లదోమ కోసం వదిలే నెసిడియోకోరిస్ అనే మిత్ర పురుగు ఆహారం తగ్గితే కాండాన్నే పొడిచి గోధుమరంగు వలయాలు చేస్తుంది. తెల్లదోమ, తామర పురుగు మోసే మొక్కల వైరస్ గురించి నేనడిగినదానికి ఇంకా జవాబు రాలేదు.

ఆకు అడుగున:
సరైన ప్రశ్నే. వైరస్ ఉన్నచోట మిత్ర పురుగు ఒక్కటే చాలదు. అక్కడ మొదటి కాపలా పురుగును లోపలికి రానివ్వని సన్నకన్నుల వల, రెండు తలుపుల గది, వైరస్‌ను తట్టుకునే రకం. ఇవి లేకుండా టమాటాలో బదనికలను మాత్రమే నమ్మమని నేను ఎవరికీ చెప్పను.

క్యాప్సికం వేరు. స్పెయిన్‌లో అల్మేరియా పాలీహౌస్‌ల క్యాప్సికంలో అనుమతి లేని మందు అవశేషం ఉందని 2006 చివర్లో జర్మనీ అధికారులు పట్టుకున్నారు. ఆ దెబ్బకి రెండు మూడు సీజన్లలోనే అక్కడి క్యాప్సికంలో అత్యధిక భాగం మిత్ర పురుగులకు మారిపోయింది. కుదరడానికి కారణం పువ్వు. స్విర్‌స్కీ అనే నల్లి, ఓరియస్ అనే చిన్న నల్లి పురుగు, రెండూ పుప్పొడి తిని బతుకుతాయి. కాబట్టి తామర పురుగు రాకముందే వదిలి ఉంచొచ్చు, అది వచ్చేసరికి ఇవి సిద్ధంగా ఉంటాయి. టమాటా ఆకు నూగు మీద స్విర్‌స్కీ నడవలేదు, అక్కడ ఈ పద్ధతి పనికిరాదు. ఒక పంట అనుభవం ఇంకో పంటకు అతికించకూడదు అన్నది ఇందుకే.

కొత్త పాలీహౌస్:
అందరికీ ధన్యవాదాలు. పైరెత్రాయిడ్ ఆపేస్తున్నాను. నారు పెట్టే చోటే జిగురు అట్టలు కడతాను, పువ్వు రాగానే స్విర్‌స్కీ వదులుతాను, ఎర్రనల్లికి కాలిఫోర్నికస్ ముందే తెప్పిస్తాను. ఒక్కటి అడగాలి: పాత పంటకి కొట్టిన మందు ఇనుప పైపుల మీద, ప్లాస్టిక్ మీద కూడా మిగిలి ఉంటుందా? నాటే ముందు లోపలంతా కడగాలా?

ఆకు అడుగున:
కడగండి. పాత మొక్కలు పీకి, ఒక్క కలుపు మొక్క కూడా మిగల్చకుండా తీసి, పైపులు, ప్లాస్టిక్ సబ్బు నీళ్లతో కడిగి, తలుపులు మూసి రెండు వారాలు ఎండకి వదిలేయండి.