మెయిల్లో ‘విల్’ రాయాలా, ‘వుడ్’ రాయాలా?

కొత్త టెస్టర్, మారతహళ్లి:
నమస్కారమండీ. బెంగళూరు ఆఫీసులో మెయిళ్లన్నీ ఇంగ్లీషులోనే. మర్యాదగా ఉంటుందని ‘ఐ వుడ్ బి ఆన్ లీవ్ టుమారో’ అని రాస్తే, లీడ్ ‘వుడ్’ కొట్టేసి ‘విల్’ పెట్టారు. ఎందుకు? ఇంకొకటి: ‘పంపి ఉండాలి’, ‘పంపాల్సింది’, ‘పంపాల్సి వచ్చింది’ మూడింటికీ ‘షుడ్’ సరిపోతుందా?

వ్యాకరణప్రియ:
లీవు ఖాయమైతే ‘విల్’ అనే రాయాలి. అక్కడ ‘వుడ్’ అంటే వెనకాల ఏదో షరతు ఉన్నట్టు వినిపిస్తుంది: ‘మీరు ఒప్పుకుంటే తీసుకుంటాను’ అన్నట్టు. ‘వుడ్’తో మర్యాద వచ్చేది ఏదైనా అడిగేటప్పుడు (‘వుడ్ యు రివ్యూ దిస్?’), లేదా ‘ఐ వుడ్ లైక్’ అని కోరేటప్పుడు. విషయం తెలియజేసేటప్పుడు కాదు.

మీ మూడు మాటలకీ ఒక్క ‘షుడ్’ చాలదు. లాగ్ చూసి ‘సర్వర్ పంపే ఉండాలి’ అని ఊహిస్తే ‘మస్ట్ హావ్ సెంట్’. పంపాల్సింది, కానీ పంపలేదు: ‘షుడ్ హావ్ సెంట్’. తప్పనిసరై పంపాల్సి వచ్చింది: ‘హ్యాడ్ టు సెండ్’. బగ్ రిపోర్టులో మొదటిదీ రెండోదీ తారుమారైతే, సరిగ్గా పనిచేసిన సర్వర్ మీద తప్పు పడుతుంది. డెవలపర్ అక్కడే వెతుకుతూ కూర్చుంటాడు.

‘పంపి ఉండదు’ అనే ఊహకు మాత్రం ‘మస్ట్ నాట్ హావ్’ కన్నా ‘కాంట్ హావ్ సెంట్’ సహజం.

ఏ మోడల్ (‘విల్’, ‘మస్ట్’, ‘కెన్’ లాంటి సహాయక క్రియ) తర్వాతైనా క్రియ మూలరూపంలోనే ఉంటుంది. ‘మస్ట్ టు సెండ్’, ‘షి కెన్ సెండ్స్’ రెండూ తప్పే.

స్పెక్ రాసేవాడు, వైట్‌ఫీల్డ్:
పై జవాబుకు కొనసాగింపు. మనవాళ్లు ఎక్కువగా జారేది ‘కూడదు’, ‘అక్కర్లేదు’ దగ్గర. ‘ఈ టెస్ట్ రన్ చేయక్కర్లేదు’ అంటే ‘యు డోంట్ హావ్ టు రన్’. దాన్ని ‘మస్ట్ నాట్’ అని రాస్తే నిషేధం అయిపోతుంది.

ఇంటర్నెట్ ప్రమాణాల్లో ఈ మాటలకు 1997 నాటి ఆర్ఎఫ్‌సీ 2119 అనే పత్రం అర్థాలు బిగించింది. ‘మస్ట్’, ‘షల్’ సమానం, మినహాయింపు లేదు. ‘షుడ్’ని తగిన కారణం ఉంటే, పర్యవసానాలు తూచుకుని వదిలేయొచ్చు. ‘మే’ అంటే మన ఇష్టం. పెద్దక్షరాల్లో ఉంటేనే ఈ అర్థాలు వర్తిస్తాయని 2017లో ఆర్ఎఫ్‌సీ 8174 స్పష్టం చేసింది. మీ డాక్యుమెంటు మొదట్లో ఈ ఆర్ఎఫ్‌సీల ప్రస్తావన ఉందేమో ముందు చూడండి. లేకపోతే ‘షుడ్’ అంటే ఎంత గట్టిగా అన్నారో రాసినవాళ్లనే అడగాలి.

ఇంటి అగ్రిమెంటు చదివేటప్పుడూ ఇది పనికొస్తుంది. ‘టెనెంట్ షల్ పే’ అంటే కట్టి తీరాలి. ‘ఐదర్ పార్టీ మే టెర్మినేట్’లో ‘మే’ హక్కు, అనుమానం కాదు.

కొత్త టెస్టర్, మారతహళ్లి:
చాలా థాంక్సండీ. చివరిగా ఒకటి. ‘నిన్న ఆ బగ్‌ని రీప్రొడ్యూస్ చేయగలిగాను’ అనడానికి ‘ఐ కుడ్ రీప్రొడ్యూస్ ఇట్’ సరేనా?

వ్యాకరణప్రియ:
ఒకసారి ప్రయత్నించి సాధించినదానికి ‘వాజ్ ఏబుల్ టు’ రాయండి. ‘కుడ్’ని ‘కావాలంటే చేయగలను’ అని కూడా చదవొచ్చు. చేయలేకపోతే మాత్రం ‘కుడ్ నాట్’ నిక్షేపంలా సరిపోతుంది. రేపటి సంగతైతే ‘విల్ బి ఏబుల్ టు’. ‘విల్ కెన్’ అని రెండు మోడల్స్ పక్కపక్కన పెట్టకండి.