ఎమర్జెన్సీలో పోయిన హక్కు ఈనాడు భద్రమేనా?

ప్రశ్న (బెంగళూరు నుండి):
ఇక్కడి ఫ్రీడం పార్కు ఒకప్పుడు సెంట్రల్ జైలు. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ విధించగానే, ఈ నగరానికి వచ్చివున్న వాజ్‌పేయి, ఆడ్వాణీ తదితరులను అందులోనే నిర్బంధించారు. వారికి న్యాయస్థానాల్లో ఊరట ఎందుకు దొరకలేదు? అటువంటిది మళ్ళీ జరగవచ్చా? తెలిసిన పెద్దలు వివరించగలరు.

మొదటి జవాబు:
కర్ణాటకతో సహా పలు హైకోర్టులు నిర్బంధితుల పిటిషన్లను విచారించడానికి సిద్ధపడ్డాయండీ. అయితే జీవించే హక్కుకు, వ్యక్తి స్వేచ్ఛకు హామీ ఇచ్చే రాజ్యాంగ 21వ అధికరణం అమలు కోసం కోర్టుకెక్కే హక్కును రాష్ట్రపతి ఉత్తర్వు నిలిపివేసింది కనుక, నిర్బంధం చట్టవిరుద్ధమైనా హెబియస్ కార్పస్ (నిర్బంధితుణ్ణి తన ఎదుట హాజరుపరచమని కోర్టు ఇచ్చే ఆదేశం) అడగడానికి వీల్లేదని 1976 ఏప్రిల్ 28న జబల్‌పూర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఐదుగురు న్యాయమూర్తులలో విభేదించినవారు జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే, మరుసటి జనవరిలో ఆయనను పక్కనపెట్టి ఆయన తరువాతి వారిని ప్రధాన న్యాయమూర్తిని చేశారు. 1978 నాటి 44వ రాజ్యాంగ సవరణతో 20 (నేరారోపణ ఎదుర్కొనేవారికి రక్షణలు), 21 అధికరణాలను ఎమర్జెన్సీలో సైతం నిలిపివేసే వీలు పోయింది. 2017లో వ్యక్తిగత గోప్యత హక్కుపై వచ్చిన పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం జబల్‌పూర్ తీర్పును కొట్టివేసింది. కాబట్టి ఆ హక్కు ఇప్పుడు భద్రమే.

రెండవ జవాబు:
అదే జైలులో మగ్గిన స్నేహలతా రెడ్డి గారిని మనవాళ్ళే తలుచుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. ఆమె రంగస్థల నటి, మన నెల్లూరు కవి పఠాభి గారి సహధర్మచారిణి. ప్రభుత్వ ఆస్తులను డైనమైట్‌తో పేల్చే కుట్ర జరిగిందంటూ పెట్టిన బరోడా డైనమైట్ కేసు పేరుతో 1976 మేలో అరెస్టు చేశారు. చివరికి అభియోగపత్రంలో ఆమె పేరే లేదు. అయినా తీవ్రమైన ఉబ్బసంతో బాధపడుతున్న మనిషిని విచారణ లేకుండా ఎనిమిది నెలలు ఉంచారు. 1977 జనవరి 15న పెరోల్‌పై వదిలారు, 20వ తేదీన ఆమె కన్నుమూశారు. ఆమె నిర్బంధానికి కారణమేమిటని ప్రభుత్వాన్ని నిలదీసి అడిగే అధికారం ఆ రోజుల్లో ఏ న్యాయమూర్తికీ లేకుండా చేశారు.

మూడవ జవాబు:
భద్రమే అన్న మాటతో నేను ఏకీభవించలేను. ఎమర్జెన్సీ ప్రకటించకుండానే, విచారణ లేకుండా జైలులో ఉంచే అధికారాన్ని 22వ అధికరణం నేటికీ ఇస్తోంది. 1980 నాటి జాతీయ భద్రతా చట్టం కింద పన్నెండు నెలల వరకు నిర్బంధించవచ్చు. నిర్బంధానికి తగిన కారణముందో లేదో పరిశీలించే సలహా మండలి ఎదుట న్యాయవాదిని పెట్టుకునే హక్కు లేదు. మండలి అభిప్రాయం లేకుండా ఉంచగల గడువును మూడు నెలల నుండి రెండుకు తగ్గించిన 44వ సవరణలోని మూడవ సెక్షన్‌ను ఇన్ని దశాబ్దాలలో ఏ ప్రభుత్వమూ అమలులోకి తేలేదు. హక్కుల పరీక్ష ఎమర్జెన్సీ రోజున కాదు, ఇటువంటి మామూలు రోజులలోనే జరుగుతుందని నేను భావిస్తాను.

బెంగళూరులో పనిచేసే మన తెలుగు కూలీలకు ఒక విషయం తప్పక తెలియాలి. నిర్బంధ కారణాలను, నిర్బంధితునికి అర్థమయ్యే భాషలో తెలియజేయాలి. ఇంగ్లీషు రాని వ్యక్తికి ఇంగ్లీషులో కారణాలిచ్చిన ఉత్తర్వును 1962లోనే సుప్రీంకోర్టు చెల్లదన్నది. కనుక కన్నడంలోనో ఇంగ్లీషులోనో కాగితం చేతికిస్తే, తెలుగు ప్రతి కావాలని రాతపూర్వకంగా అడగండి, ఆ అర్జీ నకలు దగ్గర ఉంచుకోండి.