సమస్య: చెవులు లేనివాఁడు చెప్పె యతిని

సమస్య ఇచ్చినవారు (బ్రాడీపేట, గుంటూరు): తెలుగు సంధులను కంప్యూటరు చేత విడదీయించడం నా పరిశోధన, పద్యం నా వ్యాపకం, ఈ రెండూ కలిసే చోటు యతి (పాదం మొదటి అక్షరానికీ, పాదంలో నియతస్థానంలోని అక్షరానికీ ఉండవలసిన మైత్రి) కనుక ఈ ఆటవెలది పాదాన్ని, మిగతా మూడు పాదాలు కూర్చి పూరించడానికి ఇస్తున్నాను. గురులఘువులను లిపిని బట్టి యంత్రం చాలావరకు గుర్తించగలదు. యతి అలా తేలదు. ‘వారెల్ల’ అన్న మాటలోని ‘రె’ యతిస్థానంలో పడినప్పుడు, మైత్రి రేఫకు (ర్) కాక సంధిలో మఱుఁగుపడిన ‘ఎ’కారానికి చూడాలని, ఆ మాటను విడదీయగల ప్రోగ్రాముకే తెలుస్తుంది.

అరండల్‌పేట సభ్యుని పూరణ:

గురువు లఘువుఁ దెలిసి గుర్తించి గణములు
పద్యమందుఁ దప్పు పట్టి చూపు
విద్య నేర్చినట్టి వింత యంత్రము గాదె
చెవులు లేనివాఁడు చెప్పె యతిని

సమస్య ఇచ్చినవారు: గణాలు, యతులు సరిపోయాయి. అయితే ‘యంత్రము’ అమహత్తు (పురుషవాచకం కానిది), ‘వాఁడు’ మహత్తు (పురుషవాచకం). రెండింటికీ అన్వయం కుదరదు. ‘వింత యీ మరబంటు (రోబో)’ అంటే ఆ దోషం పోతుంది. అంతకంటె ముఖ్యమైనది, గణాలు గుర్తించినంత మాత్రాన యతి ఎలా తెలిసిందో పద్యం చెప్పలేదు.

అరండల్‌పేట సభ్యుఁడు: ధన్యవాదాలండీ. సవరించాను.

సంధి విప్పి యచ్చుఁ జక్కగా గుర్తించి
పద్యమందుఁ దప్పు పట్టి చూపు
విద్య నేర్చినట్టి వింత యీ మరబంటు
చెవులు లేనివాఁడు చెప్పె యతిని

సత్యనారాయణపురం (విజయవాడ) సభ్యురాలి పూరణ:

కనులతోడ వినెడు ఘనుఁడు పింగళనాగు
ఛందమునకు సూత్రచయముఁ గూర్చె
విరతి చోటు నెఱిఁగి విశ్రాంతి నియమించి
చెవులు లేనివాఁడు చెప్పె యతిని

సమస్య ఇచ్చినవారు: అమ్మా, ఈ పూరణ నాకు ఎంతో నచ్చింది. పాముకు చక్షుశ్రవమన్న (కళ్లతోనే వినేదన్న) పేరును, ఛందశ్శాస్త్రకర్తను పింగళనాగుఁడనే సంప్రదాయాన్ని కలిపి, యంత్రం ఊసే లేకుండా సమస్యను విప్పారు. ‘ఘనుఁడు’ అనడం వల్ల ‘వాఁడు’కు అన్వయం కూడా కుదిరింది. పింగళుని సూత్రం ‘యతిర్విచ్ఛేదః’. అంటే ఆయన చెప్పినది విరామమే కాని, మన తెలుగు పద్యంలోని అక్షరమైత్రి కాదు. మీరు ‘విరతి’, ‘విశ్రాంతి’ అని జాగ్రత్తగా వాడినందువల్ల ఆ ఆక్షేపణకు తావు లేదు. ప్రతి అక్షరం గురువో లఘువో అయి తీరుతుంది కనుక ఎనిమిది అక్షరాల పాదానికి వచ్చే 256 రూపాలనూ వరుసగా రాసి చూపే ప్రస్తారం ఆయన శాస్త్రంలోనిదే; మేము ఛందస్సును కంప్యూటరుకు నేర్పేటప్పుడు వాడే, సున్న, ఒకటి అనే రెండే అంకెల (బైనరీ) లెక్క కూడా అదే.

ఇకపై పంపేవారు కనీసం ఒక పాదంలోనైనా యతి సంధిగతమైన అచ్చుకు చెల్లేటట్లు కూర్చవలసిందిగా కోరుతున్నాను. మా ప్రోగ్రామును పరీక్షించడానికి అటువంటి పాదాలే కావాలి.