లాకింగ్ లోతు (ఫాల్ట్ జారకుండా బిగుసుకుని ఉండే పై భాగం ఎంత లోతు దాకా ఉందో అది) ఒకసారి 15, ఇంకోసారి 25 కి.మీ. వస్తోంది. కోడ్‌లో తప్పా?

ప్రశ్న: నమస్కారం అండీ. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి కాలిఫోర్నియాలోని శాన్ ఆండ్రియాస్ ఫాల్ట్ (రెండు వైపుల నేల ఒకదాని పక్కగా ఒకటి జారే పగులు) తీసుకున్నాను. కరీజో మైదానం దగ్గర జీపీఎస్ వేగాలకు ఆర్క్‌టాన్ మోడల్ (ఫాల్ట్ నుంచి దూరం పెరిగేకొద్దీ నేల వేగం ఎలా మారుతుందో చెప్పే సూత్రం) ఫిట్ చేస్తున్నా. ఫాల్ట్‌కి అటూ ఇటూ 15 కి.మీ. లోపు స్టేషన్లే వాడాను. లోతు 15 అయితే స్లిప్ రేటు (ఫాల్ట్ జారే వేగం) ఏటా 33 మి.మీ., లోతు 25 అయితే 47. రెండు ఫిట్లూ ఒకేలా కనిపిస్తున్నాయి. ఏది నమ్మాలి?

జవాబు: కోడ్ బాగానే ఉందండీ, స్టేషన్లే చాలవు. ఫాల్ట్‌కి ఆనుకుని వేగం ఎంత నిటారుగా మారుతుందన్నది రేటును లోతుతో భాగిస్తే వచ్చే సంఖ్య మీదే ఆధారపడుతుంది. రెండూ కలిసి పెరిగితే దగ్గరి స్టేషన్లకు తేడా పెద్దగా తెలియదు.

రేటు 35, లోతు 15 అనుకుని లెక్కేయండి. ఒక్కో వైపు చివరికి చేరాల్సిన వేగం 17.5 మి.మీ. 15 కి.మీ. దూరంలో అందులో సగమే కనిపిస్తుంది. 45 కి.మీ. దగ్గర దాదాపు 80 శాతం, 90 దగ్గర కూడా 90 శాతమే. అంటే మీ డేటా సగం దారిలోనే ఆగిపోయింది.

పడమట సముద్రం అడ్డం కాబట్టి తూర్పుకే ఎక్కువ దూరం వెళ్లండి. సెంట్రల్ వ్యాలీలో మాత్రం జాగ్రత్త, బోర్లతో నీళ్లు తోడి తోడి అక్కడ నేల కుంగుతోంది, అలాంటి స్టేషన్లు ఏరేయండి. వాయవ్యాన పార్క్‌ఫీల్డ్ దాటాక ఫాల్ట్ పైదాకా జారుతూనే ఉంటుంది, అక్కడి స్టేషన్లనీ కలపొద్దు.

మరొకరు: రేటుకు భూగర్భ శాస్త్రం సాయం కూడా ఉంది. వాలెస్ క్రీక్ వాగు ఫాల్ట్ దగ్గర సుమారు 130 మీటర్లు పక్కకి జరిగింది. దానికి పట్టిన కాలం దాదాపు 3,700 ఏళ్లు, అంటే ఏటా 34 మి.మీ. చుట్టుపక్కల. మీ 47 అక్కడే తేలిపోతుంది.

ప్రశ్న: థాంక్స్ అండీ. రేటు 34 దగ్గర బిగిస్తే వచ్చే లోతును నిజమైన లోతు అనుకోవచ్చా?

జవాబు: పూర్తిగా అనుకోవద్దు. ఆర్క్‌టాన్ మోడల్లో కాలం అన్నదే లేదు. అక్కడ చివరి పెద్ద భూకంపం 1857లో వచ్చింది. శావేజ్, ప్రెస్కాట్ 1978లో ఇచ్చిన మోడల్లో పైన సాగి మళ్లీ వెనక్కి వచ్చే పొర, కింద నెమ్మదిగా పారే పొర ఉంటాయి. భూకంపం అయిన కొత్తలో ఫాల్ట్ దగ్గర వేగం నిటారుగా మారుతుంది, దశాబ్దాలు గడిచేకొద్దీ ఆ వంపు చదునై వెడల్పవుతుంది. ఆ చదునును ఆర్క్‌టాన్ ఎక్కువ లోతుగా చదువుతుంది. చిన్న భూకంపాలు ఎంత లోతు వరకు వస్తున్నాయో పక్కన పెట్టి పోల్చండి. మీ లోతు దాన్ని బాగా దాటితే రెండో మోడల్‌కి వెళ్లండి.

ఇంకోటి, ఫిట్ మొదలుపెట్టడానికి కోడ్‌కి ఇచ్చే మొదటి గెస్ గొడవే వద్దు. లోతును 5 నుంచి 40 దాకా ఒక్కొక్క కిలోమీటరు మారుస్తూ, ప్రతిచోటా రేటునీ ఒక స్థిరాంకాన్నీ లీస్ట్ స్క్వేర్స్‌తో (తేడాల వర్గాల మొత్తం అతి తక్కువయ్యేలా) తేల్చండి. లోతు బిగిస్తే ఆ రెండూ సరళంగానే వస్తాయి. స్థిరాంకం మర్చిపోతే రిఫరెన్స్ ఫ్రేమ్ (వేగాలను దేనితో పోల్చి కొలిచారో అది) తేడా వచ్చి రేటులో కూర్చుంటుంది. ఎర్రర్‌ని లోతు, రేటుల మీద గీసి ఆ బొమ్మ ఇక్కడ పెట్టండి, చూద్దాం.