బూసాన్ నుంచి సువాన్‌కి మారుతున్నా, టీమ్ కూడా మార్చేయాలా?

భవానీనగర్_కుర్రోడు:
మాది తిరుపతి. చదువుకోడానికి దక్షిణ కొరియాలోని బూసాన్ వచ్చాను. ల్యాబ్ సీనియర్లు బేస్‌బాల్ చూద్దామని సాజిక్ స్టేడియానికి లాక్కెళ్తే బూసాన్ టీమ్ లొట్టే జెయింట్స్‌కి అతుక్కుపోయాను. మొదటిరోజు ఆట ముక్క అర్థం కాలేదు. కానీ అవతలి టీమ్ పిచ్చర్ (బంతి వేసేవాడు) ఫస్ట్ బేస్ వైపు బంతి విసిరినప్పుడల్లా జనమంతా ఒక్క గొంతుతో "మా!" (బూసాన్ యాసలో "ఒరేయ్!" లాంటిది) అని గద్దిస్తుంటే నేనూ అరిచేశా. ముందు వరుసలో ఒకాయన ఫౌల్ బాల్ పట్టుకున్నాడు. పక్కనున్న పిల్లోడికి ఇచ్చేయమని చుట్టూ ఒకటే కేకలు. ఇచ్చేదాకా వదల్లేదు పాపం.

ఇప్పుడు సియోల్ దగ్గరున్న సువాన్‌లో ఉద్యోగం. ఆఫీసులో ఆ ఊరి టీమ్ కేటీ విజ్ అభిమానులే ఎక్కువంట. టీమ్ లీడర్ అప్పుడే "నీదే టీమ్?" అని అడిగాడు. నవ్వేసి ఊరుకున్నా. లొట్టే అంటే కొత్తలోనే తేడాగా చూస్తారా? పైగా మావాళ్ళు చివరిసారి కప్పు కొట్టింది 1992లో, నేను పుట్టకముందు. మారిపోతే ప్రాణానికి సుఖమేమో అని కూడా ఉంది.

చిత్తూరు_మామిడి:
ఏం మాటలబ్బా ఇవి! హైదరాబాద్ టీమ్ ఉండగా మనవైపు ఎంతమంది చెన్నైకి విజిల్స్ వేయట్లేదు? మా చిన్నాన్న కొడుకు గచ్చిబౌలిలో కాపురం పెట్టి ఏళ్ళయింది, ఇప్పటికీ ఉప్పల్‌కి పసుపు చొక్కాతోనే పోతాడు. ఎవడేమన్నాడు?
ధైర్యంగా లొట్టే అని చెప్పు. "ఓహో, బూసాన్‌లో ఉన్నావా" అని మాట కలుస్తుంది. సియోల్‌లోని జామ్‌సిల్ స్టేడియానికి లొట్టే వస్తే మూడో బేస్ వైపు చూడు, సియోల్‌లో బతుకుతున్న బూసానోళ్ళంతా అక్కడే ఉంటారు.

గంగజాతర_అక్క:
తమ్ముడూ, చెన్నై మనకు దగ్గర కాబట్టే కదా పసుపు చొక్కాలు? ఆ లెక్కన నీకు కేటీయే దగ్గర :) మేముండేది సువాన్‌లోనే. కేటీ పెద్ద లీగ్‌లోకి వచ్చిందే 2015లో, 2021లో కప్పు కొట్టేసింది. అంత కొత్త టీమ్ కాబట్టి ఇక్కడ పెద్ద వయసు వాళ్ళలో చాలామందికి చిన్నప్పటి టీమ్ వేరే ఉంటుంది. మీ టీమ్ లీడర్ సొంతూరు ఏదో కనుక్కో. గ్వాంగ్జు అయితే ఆ ఊరి టీమ్ కియా టైగర్స్ కథలు మొదలుపెడతాడు, నువ్వు వింటూ ఉంటే చాలు.
ఆఫీసువాళ్ళతో పోయినప్పుడు కేటీకి చప్పట్లు కొట్టు, లొట్టే వచ్చిన రోజు మాత్రం నీ ఇష్టం. ఎండాకాలం మ్యాచుల్లో నీళ్ళు చిమ్ముతారు, ఫోన్‌కి కవర్ మర్చిపోవద్దు. తిండి బయటినుంచి తీసుకుపోవచ్చు. నేను పులిహోర పట్టుకెళ్తే పక్క సీటు పెద్దావిడ సగం ఖాళీ చేసి, వాళ్ళ చికెన్ నా ఒళ్ళో పెట్టింది. ఆ రోజు శనివారం, ఎలా చెప్పాలో తెలీక నా తిప్పలు నేను పడ్డా.

చిత్తూరు_మామిడి:
అక్కా, చప్పట్లు సరే, చొక్కా మాత్రం కొననీయొద్దు.

భవానీనగర్_కుర్రోడు:
చొక్కా కొనను అన్నా, లొట్టేదే ఇంకా కొత్తగా ఉంది. అక్కా, లొట్టే సువాన్ వచ్చినప్పుడు టికెట్లు దొరుకుతాయా? మామూలు రోజుల్లో ఆరున్నరకి మొదలంటే ఇంటిదగ్గర మూడు. అమ్మ సరిగ్గా అప్పుడే ఫోన్ చేసి "ఏం గొడవరా అది, ఎక్కడున్నావ్" అంటుంది.

గంగజాతర_అక్క:
శని, ఆదివారాలు కష్టం. మంగళవారం నుంచి గురువారం లోపు చూసుకో, సోమవారం ఆటే ఉండదు. అమ్మకి వీడియో కాల్ చేసి చూపించు, అడగడం మానేస్తుంది.