మార్చిలో పిలిచి మరీ డబ్బులిచ్చారు, జూన్ నుంచి మళ్లీ పాత కథే. 45 రోజుల రూలు ఏమైనట్టు?

జీడిమెట్ల_షెడ్డు:
మాది జీడిమెట్లలో చిన్న షెడ్డు. రెండు లేత్‌లు, ఒక వీఎంసీ (కంప్యూటర్‌తో నడిచే మిల్లింగ్ మెషీన్), నాతో కలిపి తొమ్మిది మందిమి. పంపుల కంపెనీలకు షాఫ్టులు, బుష్‌లు చేసిస్తాం. ఉద్యమ్‌లో, అంటే చిన్న పరిశ్రమల సర్కారు రిజిస్ట్రేషన్‌లో, మైక్రో యూనిట్‌గా ఉన్నాం.

బాధంతా ఒక పెద్ద కస్టమర్‌తో. పేరు వద్దులెండి. పీవో (కొనుగోలు ఆర్డరు) మీద ‘పేమెంట్ 45 రోజులు’ అని వాళ్లే ప్రింట్ చేస్తారు, డబ్బు వచ్చేది 110, 120 రోజులకు. 2024 మార్చిలో మాత్రం ఒక వింత జరిగింది. వాళ్ల అకౌంట్స్ వాళ్లే ఫోన్ చేసి “మీ ఉద్యమ్ సర్టిఫికెట్ పంపండి, పెండింగ్ ఎంతుందో చెప్పండి” అన్నారు. వారంలో మూడు బిల్లులు క్లియర్. చిన్న యూనిట్లకు 45 రోజుల్లో డబ్బివ్వాలని ఇన్‌కం ట్యాక్స్‌లో కొత్త రూలు వచ్చింది, ఇక మన కష్టాలు తీరాయి అని ఇంట్లో కూడా గొప్పగా చెప్పాను. జూన్ వచ్చేసరికి మళ్లీ మామూలే. 2025 మార్చిలోనూ అదే హడావుడి, ఏప్రిల్ దాటాక అదే నిద్ర.

4 లక్షల బిల్లు వేస్తే జీఎస్టీ 72 వేలు. స్టీలు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీకి వచ్చిన క్రెడిట్ పోగా మిగిలింది వచ్చే నెల 20 లోపు నేను కట్టాలి, వాళ్లు నాకిచ్చినా ఇవ్వకపోయినా. స్టీలు రాడ్ల కొట్టాయన వారం కూడా ఆగడు. జీతాలు 7వ తేదీన. బ్యాంకు ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్) మీద వడ్డీ నాది. నాకంటే వెయ్యి రెట్లు పెద్ద కంపెనీకి నేను చేబదులు ఇస్తున్నానన్నమాట!

ఇప్పుడు పర్చేజ్ వాళ్లు కొత్త పాట ఎత్తుకున్నారు: “ఉద్యమ్ తీసేయించుకో, ఆర్డర్లు పెంచుతాం” అని. తీసేయాలా? అసలు రూలు మార్చిలో ఒకలా, జూన్‌లో ఒకలా ఎందుకు పనిచేస్తోంది?

లెడ్జర్_బాబాయ్:
అవతలి గట్టు నుంచి చెప్తాను, తిట్టకండి. ఒక కంపెనీలో పదకొండేళ్లు బిల్లుల చెల్లింపులు చూశాను.

రూలు మారలేదండీ, దాని తీరే అంత. ఆ రూలు, ఇన్‌కం ట్యాక్స్ చట్టంలో సెక్షన్ 43బీ(హెచ్), 2023 ఫైనాన్స్ యాక్ట్‌తో వచ్చింది, 2023-24 లెక్కల నుంచి అమలు. మైక్రో, స్మాల్ యూనిట్లకు గడువు దాటి ఇస్తే, ఆ ఖర్చును డబ్బిచ్చిన ఏడాదిలోనే చూపుకోవాలి. రాతపూర్వక ఒప్పందం ఉంటే గడువు 45 రోజులకు మించకూడదు, లేకపోతే 15 రోజులే. కిటుకంతా ‘ఏడాది’ అన్న మాటలో ఉంది. మీ మే బిల్లు అక్టోబరులో ఇచ్చామనుకోండి, రెండూ ఒకే ఆర్థిక సంవత్సరం కాబట్టి మా ట్యాక్స్‌లో పైసా తేడా రాదు. అదే ఫిబ్రవరి మొదట్లో వేసిన బిల్లు మార్చి 31కి పెండింగ్‌లో ఉంటే దెబ్బ. 10 లక్షలు అలా మిగిలితే దాదాపు రెండున్నర లక్షల పన్ను ముందే కట్టాలి. తర్వాతి ఏడాది సర్దుబాటు అవుతుంది, నిజమే, కానీ ఎండీ ముందు ఎవరు మాట పడతారు?

మార్చి మొదటి వారంలో నా ఎక్సెల్ షీట్‌లో ఉద్యమ్ ఉన్నవాళ్ల వరసలన్నీ పసుపు రంగులో ఉండేవి. ఏప్రిల్ 1న ఆ రంగు తీసేసేవాళ్లం. మిమ్మల్ని ఉద్యమ్ వదులుకోమనడం కూడా పసుపు వరసలు తగ్గించుకోడానికే.

గెలిచి_ఓడినవాడు:
అన్నా, ఉద్యమ్ జోలికి పోవద్దు. 2006 ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టంలో ఆలస్యానికి చక్రవడ్డీ ఉంది, ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడింతలు. రేటు 6.75 ఉన్నప్పుడు 20.25 శాతం! రిజిస్ట్రేషన్ లేకపోతే అది అడగడం చాలా కష్టం. మీ వీఎంసీ లోను సీజీటీఎంఎస్ఈ (చిన్న యూనిట్ల లోన్లకు సర్కారు పథకం) గ్యారంటీ మీద తీసుకుని ఉంటే బ్యాంకుతో ఇంకో తలనొప్పి.

చిన్న యూనిట్ల బకాయిల ఫిర్యాదులు తీసుకునే సర్కారు సమాధాన్ పోర్టల్‌లో నేను కేసు వేశాను. వాటిని విచారించే కౌన్సిల్ 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది, నాకు ఏడాదిన్నర పట్టింది. అవతలివాళ్ల వాదన ఒక్కటే: “సరుకు ఇంకా ఇన్‌స్పెక్షన్‌లోనే ఉంది, మేం యాక్సెప్ట్ చేయలేదు.” కానీ సరుకు అందిన 15 రోజుల్లో కాగితం మీద అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే యాక్సెప్ట్ చేసినట్టు లెక్క. నన్ను కాపాడింది డెలివరీ చలాన్ కాపీ. గేటు దగ్గర నీలం స్టాంపు, సెక్యూరిటీ సంతకం, తేదీ, మూలన మా ఆటోవాడి టీ మరక.

డబ్బు వచ్చింది. ఆ కస్టమర్ నుంచి తర్వాత ఒక్క ఎంక్వైరీ కూడా రాలేదు. కేసు వేసేముందు ఆ సంగతి కూడా ఆలోచించుకోండి.

రేపటి_రూపాయి:
ట్రెడ్స్ మాట ఎవరూ ఎత్తలేదేం? చిన్న యూనిట్ల బిల్లుల మీద బ్యాంకులు ముందే డబ్బిచ్చే ఆన్‌లైన్ వేదిక అది. 250 కోట్లు దాటిన టర్నోవర్ ఉన్న కంపెనీలు 2025 మార్చి 31 లోపు అందులో చేరాలని రూలు. అక్కడ మీ బిల్లును కస్టమర్ ఒప్పుకుంటే చాలు, బ్యాంకు డిస్కౌంట్ చేసి, అంటే కొంత కోసుకుని, డబ్బిస్తుంది. తర్వాత వాళ్లు ఎగ్గొట్టినా మీ మీదకు రారు.

లెడ్జర్_బాబాయ్:
చేరడం తప్పనిసరి బాబూ, బిల్లు ఒప్పుకోవడం కాదు. ఒప్పుకుంటే గడువు రోజున బ్యాంకుకు కట్టి తీరాలి. మీకైతే “వచ్చే వారం చూద్దాం” అనొచ్చు.

పాత_బాలానగర్:
రిటైరయ్యాను కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను. ఈ సమస్యకు మొదటి చట్టం 1993లోనే వచ్చింది, సంస్కరణల కొత్తలో. ఒప్పందం ఎలా ఉన్నా 120 రోజులు దాటకూడదని 1998లో సవరించారు. 2006లో దాన్ని 45కు తగ్గించారు. మీ కస్టమర్ ఇంకా 1998లోనే ఉన్నాడు, అంతే!

ఇంకోటి గమనించారా? బిల్లు డబ్బు 180 రోజుల్లో ఇవ్వకపోతే కొన్నవాడు తీసుకున్న జీఎస్టీ క్రెడిట్ వెనక్కి కట్టాలి. అందుకే 120 అంటారు గానీ 200 అనరు. చిన్న యూనిట్ల బిల్లులకు ఆ 180ని 45 చేస్తే మార్చి దాకా ఆగక్కర్లేదు, నెలనెలా గిల్లుతుంది. మనం ఫిర్యాదు చేయక్కర్లేదు, కస్టమర్‌తో చెడక్కర్లేదు.

లెడ్జర్_బాబాయ్:
అప్పుడు మావాళ్లు ఉద్యమ్ లేనివాళ్ల దగ్గరే కొంటారండీ.

పాత_బాలానగర్:
అందుకే ఉద్యమ్‌తో ముడి పెట్టకూడదు. కొన్ని కోట్ల లోపు టర్నోవర్ ఉన్న ప్రతి అమ్మకందారుకూ వర్తింపజేయాలి. జీఎస్టీ రిటర్నుల్లో ఆ లెక్క ఎలాగూ ఉంది కదా.

జీడిమెట్ల_షెడ్డు:
అందరికీ థాంక్స్. ఉద్యమ్ తీయను. నిన్న చలాన్ల ఫైలు దించి చూశాను. సగం కాపీల మీద స్టాంపే లేదు, ఇంకో పదింటి వెనకాల మా కుర్రాడు షాఫ్టు కొలతలు రాసుకున్నాడు. ఈరోజు నుంచి స్టాంపు పడ్డాక ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టకపోతే ఆటో కిరాయి లేదని చెప్పాను. పర్చేజ్ ఆయన్ని ట్రెడ్స్ గురించి అడిగితే “అదేం కంపెనీ?” అన్నాడు.