పాత రిసీవర్‌కు హెచ్‌డీఎంఐ ఆడియో ఎక్స్‌ట్రాక్టర్: ఏ రకం తీసుకోవాలి?

ప్రశ్న (రాజమహేంద్రవరం నుంచి)

అందరికీ నమస్కారం. 2005లో మా బావగారు అమెరికా నుంచి వస్తూ తెచ్చిన 5.1 ఏవీ రిసీవర్ (ఐదు స్పీకర్లను, ఒక సబ్‌వూఫర్‌ను పలికించే పెట్టె) ఒకటి మా ఇంట్లో ఉంది. 110 వోల్టుల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇన్నేళ్లుగా ఏ మరమ్మతూ లేకుండా పనిచేస్తోంది. దానికి హెచ్‌డీఎంఐ లేదు. వెనుక రెండు ఆప్టికల్ ఇన్‌పుట్లు, ఒక కోయాక్సియల్ ఇన్‌పుట్ ఉన్నాయి, మిగిలినవన్నీ ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ సాకెట్లే. ముందు పలక మీద డాల్బీ డిజిటల్, డీటీఎస్ అనే 5.1 శబ్దరూపాల గుర్తులు ఉన్నాయి.

గత నెలలో 4కే టీవీ కొన్నాము. దానికి మూడు హెచ్‌డీఎంఐ పోర్టులు ఉన్నాయి, వాటిలో ఒకదాని పక్కన ఏఆర్‌సీ అని రాసి ఉంది. ఆప్టికల్ అవుట్ లేదు, హెడ్‌ఫోన్ జాక్ మాత్రం ఉంది. సెట్‌టాప్ బాక్సు, 4కే స్ట్రీమింగ్ స్టిక్కు టీవీకే తగిలించాము. టీవీ స్పీకర్లలో మాటలు తగరపు డబ్బాలోంచి వస్తున్నట్టు ఉండడంతో, హెడ్‌ఫోన్ జాక్ నుంచి రిసీవర్‌కు తీగ వేసి చూశాను. శబ్దం రెండు స్పీకర్లకే పరిమితమైంది, పైగా వెనుక సన్నగా ఒక గుయ్యిమనే మోత వినిపిస్తోంది. హెచ్‌డీఎంఐలోని శబ్దాన్ని విడదీసి పాత రిసీవర్‌కు అందించే ఎక్స్‌ట్రాక్టర్ కోసం దుకాణానికి వెళ్తే, ఏదైనా ఒకటేనని చెప్పి ఉన్నవాటిలో చవకైనది చేతిలో పెట్టబోయారు. నిజంగా ఏదైనా ఒకటేనా?

జవాబు (హైదరాబాదు నుంచి)

ఒకటి కాదండీ. ఒకే పేరుతో అమ్ముతున్నా ఇవి రెండు వేర్వేరు వస్తువులు, చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. మొదటి రకం సెట్‌టాప్ బాక్సుకూ టీవీకీ మధ్యలో కూర్చుని, బొమ్మను టీవీకి పంపిస్తూ, శబ్దాన్ని విడదీసి ఆప్టికల్ ద్వారా మీ రిసీవర్‌కు ఇస్తుంది. రెండో రకం టీవీలోని ఏఆర్‌సీ పోర్టుకు తగిలి, టీవీ నుంచి వెనక్కి వచ్చే శబ్దాన్ని ఆప్టికల్‌గా మారుస్తుంది. మొదటిదాన్ని ఏఆర్‌సీ పోర్టుకు తగిలించినా, రెండోదాన్ని మధ్యలో పెట్టినా పని జరగదు. రెండు పనులూ చేసే పెట్టెలు కూడా ఉన్నాయి గాని, పెట్టె మీద ఆ మాట స్పష్టంగా ఉంటేనే నమ్మండి.

కాబట్టి మీరు మొదట తేల్చుకోవలసింది, మీ ఇంట్లో శబ్దం ఎక్కడ పుడుతోందన్నది. టీవీలోనే ఉన్న యాప్‌లలో సినిమాలు చూస్తే మధ్యలో కూర్చునే రకం వల్ల ప్రయోజనం లేదు, ఎందుకంటే ఆ శబ్దం దాని గుండా వెళ్లనే వెళ్లదు. బాక్సు, స్టిక్కు మాత్రమే వాడితే మధ్యలో కూర్చునే రకమే మేలు. అలాంటప్పుడు రెండు ఇన్‌పుట్లతో స్విచ్ కూడా కలిసి ఉన్నది తీసుకుంటే ప్రతిసారీ తీగలు మార్చే బాధ తప్పుతుంది.

స్టిక్కు 4కే అన్నారు కనుక పెట్టె మీద 18 జీబీపీఎస్ (సమాచారాన్ని పంపగల వేగం), హెచ్‌డీసీపీ 2.2 (బొమ్మను నకలు చేయనివ్వని రక్షణ) అన్న రెండు మాటలూ ఉన్నాయో లేవో చూడండి. ఊరికే 4కే అని ఉన్నవాటిలో కొన్ని హెచ్‌డీఎంఐ 1.4 స్థాయివి. అవి 4కే బొమ్మను సెకనుకు 30 ఫ్రేముల వరకే పంపగలవు. హెచ్‌డీసీపీ 2.2 లేకపోతే స్ట్రీమింగ్ యాప్‌లు బొమ్మ నాణ్యతను తగ్గించేస్తాయి, అప్పుడు తప్పు టీవీదని మనం అనుకుంటాం.

జవాబు (బెంగళూరు నుంచి)

పై జవాబుతో నేను ఏకీభవిస్తున్నాను, అయితే కొన్న తర్వాత వచ్చే చిక్కు గురించి కూడా చెప్పాలి. నేను మొదట కొన్న పెట్టెతో మూడు రోజులు రెండు స్పీకర్ల శబ్దమే విన్నాను, అది పాడైపోయిందని తిప్పి పంపడానికి అట్టపెట్టెలో సర్దేశాను కూడా. తీరా చూస్తే దాని పక్కన గోటితో జరపవలసినంత చిన్న మీట ఒకటి ఉంది. దాని మీద పాస్, 2 సీహెచ్, 5.1 సీహెచ్ అని మూడు స్థానాలున్నాయి.

విషయం ఏమిటంటే, హెచ్‌డీఎంఐలో బాక్సు మొదట అవతలి పరికరాన్ని నీకు ఏ ఏ శబ్దరూపాలు చేతనవునని అడుగుతుంది. ఆ జవాబునే ఈడీఐడీ అంటారు. మీట పాస్ దగ్గర ఉంటే టీవీ జవాబే బాక్సుకు చేరుతుంది. చాలా టీవీలు తమకు రెండు ఛానళ్లే చేతనవునంటాయి కనుక బాక్సు స్టీరియోనే పంపుతుంది, రిసీవర్ ఎంత సమర్థమైనదైనా దాని మాట అడిగేవారు ఉండరు. మీటను 5.1 దగ్గరకు జరిపితే ఎక్స్‌ట్రాక్టరే జవాబు చెబుతుంది, డాల్బీ డిజిటల్ బయలుదేరుతుంది. ఈ మీట లేని పెట్టెను ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దని నా సలహా.

ఇంకొకటి: ఆప్టికల్ తీగ గుండా అన్నీ వెళ్లవు. 1983లో తోషిబా సంస్థ దానిని తెచ్చినప్పుడు దృష్టిలో ఉన్నది సీడీ ప్లేయర్ ఇచ్చే రెండు ఛానళ్ల శబ్దం. అందుకే నేటికీ అందులో రెండు ఛానళ్ల పీసీఎం (కుదించని శబ్దం), లేదా కుదించిన డాల్బీ డిజిటల్, డీటీఎస్ మాత్రమే పడతాయి. స్ట్రీమింగ్ యాప్‌లు ఎక్కువగా పంపేది డాల్బీ డిజిటల్ ప్లస్, అది ఆ తీగకూ ఎక్కదు, మీ 2005 నాటి రిసీవర్‌కూ అర్థం కాదు. స్టిక్కు సెట్టింగులలో శబ్దరూపాన్ని ఆటో నుంచి తీసి డాల్బీ డిజిటల్ అని స్థిరంగా పెట్టండి. అదే పెట్టెలోని ఎరుపు, తెలుపు అవుట్‌పుట్లను వాడేవారు మాత్రం పీసీఎం పెట్టుకోవాలి. చవక పెట్టెల్లో డాల్బీని విప్పే ఏర్పాటు ఉండదు కనుక అక్కడ నిశ్శబ్దమో, బుస్సుమనే చప్పుడో వస్తుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. టీవీలోని యాప్‌లను మేము వాడము, అన్నీ స్టిక్కులోనే చూస్తాము. అయినా ఏఆర్‌సీ రకం తీసుకుంటే ఒకే తీగతో అన్నీ అయిపోతాయి గదా అని మా అబ్బాయి వాదన. ఆ గుయ్యిమనే మోత సంగతి కూడా ఎవరైనా చెప్పగలరా? నా అనుమానం ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉంది.

జవాబు (డల్లాస్ నుంచి)

మీ అబ్బాయి చెప్పింది తీగల లెక్కలో నిజమే. కానీ ఏఆర్‌సీలో టీవీ ఏది ఇస్తే అదే మీకు దక్కుతుంది, కొన్ని టీవీలు బయటి బాక్సు నుంచి వచ్చిన 5.1 శబ్దాన్ని కూడా స్టీరియోగా మార్చి వెనక్కి పంపుతాయి. మా నాన్నగారి టీవీ అదే చేసింది. అంతకంటే టీవీ ప్రమేయం లేని దారే నాకు నమ్మకం. ఏఆర్‌సీయే కావాలనుకుంటే టీవీలో సీఈసీని (హెచ్‌డీఎంఐ తీగ గుండా పరికరాలు ఒకదాన్నొకటి నడిపించుకునే ఏర్పాటును) ఆన్‌లో ఉంచడం మరచిపోవద్దు.

మోత విషయంలో ట్రాన్స్‌ఫార్మర్‌ను అప్పుడే నిందించకండి. ట్రాన్స్‌ఫార్మర్ మోత దాని పెట్టె నుంచే వినిపిస్తుంది, మీరు చెబుతున్నది స్పీకర్లలో వస్తోంది. సెట్‌టాప్ బాక్సు వెనుక ఉన్న కేబుల్ తీగను ఒక్క నిమిషం విప్పి చూడండి. మోత ఆగితే అది గ్రౌండ్ లూప్. అంటే కేబుల్ తీగ కవచం ఒక దారిన, ఇంటి వైరింగ్ మరొక దారిన భూమికి కలిసి, ఆ రెంటి మధ్య తిరిగే 50 హెర్ట్‌జ్ కరెంటు రిసీవర్‌లోకి చొరబడుతోందన్న మాట. ఆప్టికల్ తీగలో వెళ్లేది వెలుగే గాని విద్యుత్తు కాదు కనుక ఆ దారిన మోత రాదు. అందుకే కోయాక్సియల్ కూడా ఉందన్నా సరే ఆప్టికల్‌నే ఎంచుకోండి. మోత పోవాలని ఎవరైనా ఎర్త్ పిన్ను విరిచేయమంటే మాత్రం వినకండి, అది ప్రాణాంతకం.

ప్రశ్న అడిగినవారు

కేబుల్ విప్పగానే మోత ఆగిపోయింది. రెండు ఇన్‌పుట్ల ఎక్స్‌ట్రాక్టర్ నిన్న వచ్చింది. మొదట అసలు శబ్దమే రాలేదు, ఎందుకంటే ఆప్టికల్ తీగ కొసన ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగు తీయకుండానే దూర్చడానికి ప్రయత్నించాను! దాన్ని లాగేశాక కొసలో ఎర్రటి వెలుగు కనిపించింది, రిసీవర్‌లో పెడితే టక్కుమని కూర్చుంది. మీట జరిపి, స్టిక్కులో డాల్బీ డిజిటల్ పెట్టగానే రిసీవర్ తెర మీద 3/2.1 (ముందు మూడు, వెనుక రెండు, ఒక సబ్‌వూఫర్) అని వెలిగింది, వెనుక స్పీకర్లు చాలా ఏళ్ల తర్వాత పలికాయి. కానీ మాట ముందు వినిపించి పెదవులు తర్వాత కదులుతున్నాయి.

జవాబు (బెంగళూరు నుంచి)

టీవీ బొమ్మను చక్కదిద్దడానికి కొంత సమయం తీసుకుంటుంది, శబ్దం మాత్రం దానికోసం ఆగకుండా నేరుగా రిసీవర్‌కు వచ్చేస్తోంది. రిసీవర్ మెనూలో ఆడియో డిలే అన్నది ఉంటే 60 మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెట్టి, వార్తలు చదివేవారి పెదవులు చూస్తూ పదేసి పెంచండి. అది లేకపోతే టీవీలో గేమ్ మోడ్ పెట్టండి, బొమ్మ రంగులు కాస్త వెలిసినట్టు అనిపించినా ఆలస్యం చాలావరకు తగ్గుతుంది.